సంగీత ఉత్సవంలో రెండు గంటలు ఒకేచోట

"పాటలు వినడానికి ఇంత దూరం వచ్చి, డేరాలో కూర్చుని సినిమా చూస్తావా?"

అక్క కోపంగా అడగలేదు. నిజంగానే అర్థం కాక అడిగింది. మూడు రోజుల సంగీత ఉత్సవంలో అది రెండో రోజు మధ్యాహ్నం. తన చేతిలో షెడ్యూల్ కాగితం, దాని మీద ముందు రాత్రే పెన్నుతో చుట్టిన సున్నాలు. నాలుగింటికి పెద్ద స్టేజీ, నాలుగున్నరకి చెట్ల దగ్గర స్టేజీ, ఐదుంబావుకి మైదానం ఆ చివర ఉన్న చిన్న స్టేజీ. నేను వెళ్దామనుకున్నది అదే కాగితం వెనకవైపు, అడుగున, చిన్న అక్షరాల్లో ఉంది. సినిమా పేరు, మొదలయ్యే టైము, నిడివి రెండు గంటల ఏడు నిమిషాలు. అంతకుమించి ఒక్క ముక్క లేదు.

"కాసేపు ఎండ తప్పించుకుంటాను" అన్నాను. అది నిజం కాదు. నాకు ఆ సినిమా చూడాలని ఉంది, అక్కడే చూడాలని ఉంది. ఎందుకో చెప్పడానికి మాటలు దొరక్క ఎండ మీదకి నెట్టేశాను. ఆ తర్వాత ఎన్నో ఉత్సవాల్లో, ఎన్నో డేరాల్లో కూర్చున్నాను. అక్కకి ఆ రోజు చెప్పాల్సిన జవాబు ఇప్పుడు చెప్పగలననిపిస్తోంది.

ఉత్సవంలో మనం పాటలు వినే తీరు ఎలా ఉంటుందో ఒకసారి గుర్తుచేసుకోండి. ఒక బృందం దగ్గర మూడు పాటలు వింటాం. నాలుగోది మొదలయ్యేసరికి చూపు గడియారం మీదకి పోతుంది. అవతలి స్టేజీ మీదకి ఇంకెవరో ఎక్కుతుంటారు, ఇప్పుడు కదలకపోతే ముందు వరసలు దొరకవు. "సారీ, సారీ" అంటూ జనంలోంచి బయటపడతాం. పది నిమిషాల నడక. అక్కడికి చేరేసరికి వాళ్ళ మొదటి రెండు పాటలూ అయిపోయి ఉంటాయి. మూడు రోజులు ఇలా తిరిగాక ముప్పై బృందాల్ని చూశామని చెప్పుకుంటాం. వాటిలో మొదటినుంచి చివరిదాకా విన్నవి ఎన్ని అని లెక్కేస్తే ఒక చేతి వేళ్ళు ఎక్కువే. ఎక్కడున్నా సరే, ఇంకెక్కడో ఇంతకన్నా మంచిది జరిగిపోతోందన్న టెన్షన్ వెంటే ఉంటుంది.

ఆ తిరుగుడులో ఆనందం ఉంది. నాకూ ఇష్టమే. పేరు కూడా తెలియని గొంతు గాలిలో తేలివచ్చి మనల్ని లాక్కుపోవడం ఉత్సవంలో తప్ప ఇంకెక్కడా జరగదు. కానీ అంత పెద్ద మైదానంలో "ఇక్కడే కూర్చో, మొత్తం చూడు, సగంలో లేస్తే నీకు దక్కేది సగం కూడా కాదు" అని అడిగే చోటు ఒక్కటే కనిపించింది నాకు. పాటని ఎక్కణ్ణుంచి విన్నా పాటే. సినిమాకి ఆ వెసులుబాటు లేదు. ఇరవయ్యో నిమిషంలో ఒకామె గూట్లో పెట్టిన తాళంచెవి వందో నిమిషంలో తలుపు తీస్తుంది. మధ్యలో లేచిపోయినవాళ్ళకి అది ఉత్త ఇనపముక్క.

అందుకే సినిమా డేరాని అలిసినవాళ్ళు సేదతీరే చోటుగా చూడటం నాకు నచ్చదు. నా దృష్టిలో ఉత్సవం మొత్తంలో మననుంచి ఎక్కువ కోరే చోటు అదే. నిర్వాహకులు దాన్ని ఒక స్టేజీతో సమానంగా చూడాలి. చెప్పిన టైముకి మొదలుపెట్టాలి, చివరి పేరు తెర మీదనుంచి పోయేదాకా వేయాలి, ఏ సినిమా వేయాలో ఆలోచించి ఎంచాలి. చూసేవాళ్ళు కూడా ఏదో ఒకటిలే అని కాకుండా, కచేరీకి వెళ్ళినట్టు వెళ్ళాలి.

అక్కడి ప్రేక్షకుల గురించి ఒక మాట చెప్పాలి. థియేటర్లో మనం ఆ ఒక్క సినిమాకే టిక్కెట్టు కొంటాం. నచ్చకపోయినా, డబ్బు పెట్టాం కదా అని కూర్చుంటాం. డేరాలో అలాంటి కట్టుబాటు లేదు. చేతికున్న పట్టీ చూపిస్తే ఎక్కడికైనా వెళ్ళొచ్చు. లేచి వెళ్తే పోయేది ఏమీ లేదు, పైగా బయట ఎవరో పిలుస్తున్నట్టు పాట మోగుతూనే ఉంటుంది. నేను చూసిన చాలా ఆటల్లో మొదట డేరా నిండా జనం ఉంటారు. అరగంటకి సగం ఖాళీ. ఆ తర్వాత మాత్రం ఎవరూ కదలరు. ఆ మిగిలినవాళ్ళతో కలిసి సినిమా చూడటం ఎలా ఉంటుందంటే, గదిలో గాలి కూడా మనతో పాటు ఊపిరి బిగబట్టినట్టు ఉంటుంది. వాళ్ళలో ఒక్కరు కూడా మొహమాటానికి కూర్చున్నవాళ్ళు కారు.

"సంగీతం దగ్గర సినిమాకేం పని?" అనే ప్రశ్న చాలామంది అడుగుతారు. నిజానికి సినిమా పెరిగిందే అలాంటి చోట. 1895 డిసెంబర్ 28న పారిస్‌లో లూమియేర్ సోదరులు టిక్కెట్టు పెట్టి కదిలే బొమ్మలు చూపించింది ఒక కేఫ్ అడుగు గదిలో. మొత్తం పది బొమ్మలు, ఒక్కోటి నిమిషం కూడా ఉండదు. రెండేళ్ళు తిరక్కుండానే, 1897 నాటికే, ఇంగ్లండ్ సంతల్లో గుడారాలు వేసి సినిమా చూపించడం మొదలైంది. కొన్నేళ్ళకి ఆ గుడారాలు ఎంత ఘనంగా తయారయ్యాయంటే, ముందు భాగంలో చెక్కడపు బొమ్మలతో మెరిసిపోయే పెద్ద పెద్ద ఆర్గన్లు పెట్టేవాళ్ళు. ఆవిరి ఇంజన్‌కి డైనమో తగిలించి కరెంటు పుట్టించేవాళ్ళు. ఆర్గన్ మోత విని జనం దగ్గరికొచ్చేవాళ్ళు, వాకిట్లో అరుగు మీద ఆడేవాళ్ళని చూసేవాళ్ళు, ఆ ఊపులోనే లోపలికెళ్ళి సినిమా చూసేవాళ్ళు. సంగీతం మోగే మైదానం, పక్కన జనరేటర్, మధ్యలో బట్ట కింద చీకటి. ఇప్పటి ఉత్సవాల్లో మనం చూస్తున్నదాన్ని నూటపాతికేళ్ళ కిందటి మనిషి చూస్తే వెంటనే గుర్తుపడతాడు.

మన దేశంలోనూ అంతే. తిరుచిరాపల్లిలో రైల్వే ఉద్యోగి స్వామికన్ను విన్సెంట్ 1905లో ఒక ఫ్రెంచ్ వ్యక్తి దగ్గర ప్రొజెక్టరు, ఫిల్ములు కొని గుడారంతో ఊళ్ళు పట్టుకు తిరిగారు. అబ్దులలీ ఎసూఫలీ అంతకు ముందే, 1901 నుంచి, ఆగ్నేయాసియా అంతా గుడారం మోసుకెళ్ళి, 1908 తర్వాత ఇక్కడ తిరిగారు. తెలుగు సినిమాకి పితామహుడని మనం పిలుచుకునే రఘుపతి వెంకయ్య 1910 ప్రాంతంలో క్రోనో మెగాఫోన్ తెప్పించారు. బొమ్మ తెర మీద కదులుతుంటే గ్రామఫోన్ రికార్డు నుంచి శబ్దం వచ్చే యంత్రం అది. దాన్ని పట్టుకుని ఆయన బర్మా, శ్రీలంకల దాకా వెళ్ళొచ్చారు. థియేటర్లు కట్టడం తర్వాతి మాట. టూరింగ్ టాకీస్ అన్న పేరులోనే తిరుగుడు ఉంది. సినిమా ఒకచోట కుదురుకోవడానికి ముందే సంచారం చేసింది.

ఆ చరిత్రలో ఒక చేదు రోజు కూడా ఉంది. 1897 మే 4న పారిస్‌లో ఒక ధర్మసంస్థ సంత జరుగుతోంది. చెక్కతో, బట్టతో తాత్కాలికంగా కట్టిన ప్రాంగణంలో సినిమా చూపిస్తున్నారు. ప్రొజెక్టర్ దీపానికి వాడిన ఈథర్ అంటుకుంది. నిమిషాల్లో పైకప్పు బట్ట మండిపోయింది. 126 మంది చనిపోయారు. ఇప్పటి డేరాలకి మంట పట్టని బట్ట వాడటం, చీకట్లో కూడా దారి చూపే దీపం గుమ్మం మీద వెలుగుతూనే ఉండటం, ఇంతమందికి మించి లోపలికి పంపకపోవడం, ఇవన్నీ అలాంటి రోజుల నుంచి నేర్చుకున్నవే. "నిండిపోయింది, ఇక పంపలేం" అని వాలంటీర్ తాడు అడ్డం కట్టినప్పుడు విసుక్కునేవాళ్ళని చూస్తే నాకు ఆ సంగతి చెప్పాలనిపిస్తుంది.

ఇప్పుడు అసలు కష్టం దగ్గరికి వస్తాను. శబ్దం. సినిమా డేరా మీద ఎవరు ఫిర్యాదు చేసినా మొదట చెప్పేది అదే. తెర మీద ఒక తల్లి కొడుకుతో మెల్లగా మాట్లాడుతుంటే, బయటినుంచి డుమ్ డుమ్ అని డ్రమ్ము. దీనికి కారణం మొండి భౌతికశాస్త్రం. యాభై హెర్ట్జ్ దగ్గర మోగే బేస్ శబ్దానికి తరంగం పొడవు దాదాపు ఏడు మీటర్లు ఉంటుంది. డేరా బట్ట దాన్ని ఆపలేదు, ఆపాలంటే బరువైన గోడ కావాలి. సన్నటి శబ్దాలు గాలిలోనే చాలావరకు అరిగిపోతాయి, మిగిలినవాటికి బట్టా, మధ్యలో ఉన్న జనమూ అడ్డుపడతాయి. అందుకే మనదాకా పాటలో మాటలు రావు, రాగం రాదు. గుండె చప్పుడు లాంటి దరువు మాత్రం వస్తుంది. అదీ ఆలస్యంగా. శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది కాబట్టి, నాలుగు వందల మీటర్ల అవతల డ్రమ్మర్ కొట్టిన దెబ్బ మన నేలని తాకేసరికి సెకను దాటిపోతుంది.

దీన్ని పూర్తిగా ఆపలేం. కానీ ఏ సినిమా వేస్తున్నామన్న దాన్నిబట్టి ఈ కష్టం పెరగొచ్చు, తగ్గొచ్చు. ఇక్కడే నాకు చాలామంది నిర్వాహకులతో పేచీ. సంగీత ఉత్సవం కదా అని వాళ్ళు పగలంతా కచేరీ డాక్యుమెంటరీలు వేస్తారు. పేరుకి బాగానే కుదిరినట్టు ఉంటుంది. కానీ ఆ డేరాలో కూర్చుని చూడండి. తెర మీద పాటకి ఒక తాళం, బయట పాటకి ఇంకో తాళం. రెండూ ఒకదాని కాళ్ళు ఒకటి తొక్కుకుంటాయి. పది నిమిషాలకి తలనొప్పి వస్తుంది. అదే మాటలు తక్కువగా, మౌనం ఎక్కువగా ఉన్న సినిమా వేస్తే, వింతగా, బయటి దరువు దాన్ని పాడుచేయదు. ఎక్కడో దూరాన ఊరు బతుకుతున్నట్టు వినిపిస్తుంది. మన చెవి దాన్ని పక్కకి పెట్టేస్తుంది, రాత్రిపూట రైలు చప్పుడుని పక్కకి పెట్టినట్టు. పైగా మైదానంలో నిజం మనుషులు చెమటలు కక్కుతూ పాడుతుంటే, డేరాలోకి వచ్చి బొమ్మ మనుషులు పాడటం ఎందుకు చూడాలి?

తెలియని భాష సినిమాలు డేరాకి బాగా సరిపోతాయని నేను గమనించాను. సబ్‌టైటిల్స్‌ని ఏ డ్రమ్మూ మింగలేదు. మాట వినపడకపోయినా అక్షరం కనపడుతుంది. కాకపోతే డేరాలో నేల చదునుగా ఉంటుంది, థియేటర్లోలా మెట్లు ఉండవు. తెరని కిందికి కడితే అక్షరాలన్నీ ముందువాళ్ళ తలల వెనక పోతాయి. నేను ఒక సినిమాలో కుడివైపు అక్షరాలు మాత్రమే చదువుతూ రెండు గంటలు గడిపాను. తెరని ఇంకో నాలుగడుగులు ఎత్తి కడితే సరిపోయేది. ఆ శ్రద్ధే నేను అడుగుతున్నది.

వెలుగు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది చాలామంది ఆలోచించని విషయం. ప్రొజెక్టర్ నలుపు వేయలేదు. తెర మీద మనకి నల్లగా కనిపించేది వెలుగు పడని తెల్లబట్టే. చుట్టూ చీకటి ఉంటేనే అది నలుపు. మంచి థియేటర్లో తెర వెలుగుకి ఒక ప్రమాణం ఉంది, చదరపు మీటరుకి 48 కాండెలాలు. చీకట్లో అది కళ్ళు నింపే వెలుగే. మిట్టమధ్యాహ్నం ఎండ ముందు మాత్రం అది దీపపు వత్తి. ఎవరో గుమ్మం బట్ట ఎత్తి "ఇక్కడేం వేస్తున్నారు?" అని తల పెట్టగానే, తెర మీద రాత్రంతా బూడిదరంగులోకి తిరిగిపోతుంది. హంతకుడు దాక్కున్న చీకటి మాయమై, గోడ పక్కన నిలబడ్డ నటుడు కనిపిస్తాడు. గుమ్మాన్ని రెండు మలుపుల సందులా కట్టే డేరాలు ఉన్నాయి. లోపలికి వచ్చేవాళ్ళు ముందు చీకటి సందులో నాలుగడుగులు నడిచి, తిరిగి, అప్పుడు లోపలికి వస్తారు. వాళ్ళతో పాటు ఎండ రాదు. అలాంటి డేరా కనిపిస్తే దాన్ని కట్టినవాళ్ళకి సినిమా అంటే ప్రేమ ఉందని నాకు వెంటనే తెలిసిపోతుంది. అంత చేయలేకపోతే కనీసం పగటిపూట ఎండలో తీసిన సినిమాలు వేసి, రాత్రి దృశ్యాలున్నవి రాత్రికి దాచాలి.

1900లో పారిస్ ప్రదర్శనలో లూమియేర్లు 21 మీటర్ల వెడల్పు, 16 మీటర్ల ఎత్తు తెర కట్టారు. దాన్ని నీళ్ళతో తడిపేవాళ్ళు. తడి బట్టలోంచి వెలుగు అవతలికి దూరుతుంది కాబట్టి రెండువైపులా కూర్చున్న జనం చూడగలిగేవాళ్ళు. ఆ రోజుల్లోనే బట్ట గురించి, వెలుగు గురించి అంత తల పగలగొట్టుకున్నారు. మనం ఒక గుమ్మం సరిగా మూయలేమా?

మూకీ సినిమాకి పక్కనే వాద్యకారులు కూర్చుని వాయించే ఆట ఒకటి వేస్తే, ఆ ఉత్సవం నాకు పదేళ్ళు గుర్తుంటుంది. సినిమాకి మాట రాకముందు రోజుల్లో హాలు చిన్నదైతే ఒక పియానో, పెద్దదైతే ఒక వాద్యబృందం ఉండేది. ఉత్సవంలో వాద్యకారులకి కొదవ లేదు. పగలు పెద్ద స్టేజీ మీద గిటార్ వాయించినవాళ్ళు రాత్రి డేరాలో తెరకి పక్కగా, జనానికి సగం వీపు పెట్టి కూర్చుని, బొమ్మలోని మనిషి నడకని చూస్తూ వేళ్ళు కదుపుతారు. స్టేజీ మీద జనమంతా వాళ్ళనే చూస్తారు. ఇక్కడ వాళ్ళని ఎవరూ చూడరు, వాళ్ళు కూడా తెరనే చూస్తుంటారు. ఒకసారి అలాంటి ఆటలో సెల్లో వాయిస్తున్న అమ్మాయి ఒక దృశ్యం దగ్గర విల్లు ఆపేసింది. తెర మీద ఉత్తరం చదువుతున్నారు. అది చదవడం అయ్యేదాకా వాయించలేదు. బయటి బేస్ కూడా సరిగ్గా అప్పుడే ఏ కారణంచేతనో ఆగింది. రెండు వందల మంది ఆ ఉత్తరాన్ని నిశ్శబ్దంగా చదివారు. పాటల పండగలో నేను విన్న అన్నింటిలో నాకు ఎక్కువగా గుర్తున్నది ఆ నిశ్శబ్దం.

గ్లాస్టన్‌బరీ లాంటి పెద్ద ఉత్సవంలో పిల్టన్ పలే అని సినిమా డేరాకి ఒక పేరు ఉంది. వేల్స్‌లో జరిగే గ్రీన్ మ్యాన్‌లో సినెడ్రోమ్ అని ఉంది. పేరు పెట్టడం చిన్న విషయంలా అనిపిస్తుంది గానీ, పేరున్న చోటుకి మనుషులు "వెళ్తారు". పేరు లేని చోట "దూరుతారు". అమెరికాలో టెన్నెసీ రాష్ట్రంలో జూన్ ఎండల్లో జరిగే బొనారూలో సినిమా డేరాకి ఏసీ ఉండేది. చాలామంది అక్కడికి మొదట చల్లదనం కోసమే వెళ్ళేవాళ్ళు. అందులో తప్పేం లేదు, ఏ కారణంతో లోపలికి వచ్చారన్నది ముఖ్యం కాదు.

నిద్రపోయేవాళ్ళ మీద నాకు మొదట్లో కోపం ఉండేది. వెనక వరసల్లో చెప్పులు తలకింద పెట్టుకుని గురకపెట్టేవాళ్ళని చూసి, ఇదేమన్నా సత్రమా అనుకునేదాన్ని. ఇప్పుడు ఆ కోపం లేదు. రాత్రంతా నిలబడి, తెల్లవారుజామున తడి గుడారంలో రెండు గంటలు పడుకున్న మనిషికి చీకటి దొరికితే కళ్ళు మూతపడతాయి. వాళ్ళు సినిమాకి అడ్డం రారు. ఒకరోజు నా పక్కన నిద్రపోయిన ఒక పెద్దాయన ఆఖరి పావుగంటకి లేచి, తెర వంక కళ్ళార్పకుండా చూసి, ముందు ఏం జరిగిందో తెలియకుండానే కళ్ళు తుడుచుకున్నాడు. నా అభ్యంతరమల్లా ఫోన్లతోనే. ఒక ఫోను వెలిగితే ఆ నలుపు సంగతి పైన చెప్పాను కదా, పది వరసలకి పోతుంది. నిద్రపోండి, ఫోను చూడకండి.

ఒక గాయం గురించి చెప్పకుండా ఈ వ్యాసం రాయలేను. ఎక్కడో చెప్పను. సాయంత్రం ఆట. ఒక రేవులో పడవ నడిపే ముసలాయన కథ. మొదటి గంటలో పెద్దగా ఏమీ జరగదు, ఆయన తాడు విప్పుతాడు, కడతాడు, మళ్ళీ విప్పుతాడు. జనం సగానికి సగం వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళం ఆ తాడుకి కట్టుబడిపోయాం. ఊరికి వంతెన వస్తుందని తెలిసింది. పడవకి పని ఉండదు. ఇక ఆయన ఏం చేస్తాడో తేలాల్సిన చోట, ఇంకా పాతిక నిమిషాలుండగా, తెర ఆరిపోయింది. దీపాలు వెలిగాయి. చేతిలో మైకు ఉన్న ఒకతను ముందుకొచ్చి, ఒక ప్రముఖ గాయకుడు అనుకోకుండా ఇక్కడ పాడటానికి ఒప్పుకున్నారని, రెండు నిమిషాల్లో మొదలవుతుందని ఉత్సాహంగా చెప్పాడు. వెంటనే గుమ్మంలోంచి జనం వరదలా వచ్చేశారు. మా ముందు నిలబడ్డారు. ఫోన్లు పైకి లేచాయి.

నా పక్కన కూర్చున్నామె వాలంటీర్ దగ్గరికెళ్ళి "మిగతా సినిమా ఎప్పుడు వేస్తారు?" అని అడిగింది. ఆ కుర్రాడి ముఖం చిన్నబోయింది. వేయరు.

నిర్వాహకులకి అది నష్టం లేని నిర్ణయం. అరవై మంది లేచారు, ఆరు వందల మంది వచ్చారు. లెక్క చూస్తే లాభమే. కానీ పెద్ద స్టేజీ మీద ఒక గాయని పాట మధ్యలో ఉండగా మైకు కట్ చేసి, "ఇప్పుడు మీకో మంచి సినిమా" అని ఎప్పుడైనా అన్నారా? అలా చేస్తే మర్నాడు ఊరంతా గొడవ. సినిమాకి ఆ గౌరవం ఎందుకు లేదు? అది పెట్టెలో ఉంటుంది, ఎప్పుడైనా మళ్ళీ వేసుకోవచ్చు అన్న ధైర్యం. సినిమా పెట్టెలో ఉన్నమాట నిజమే. ఆ అరవై మంది, గంటన్నర సేపు ఆ తాడుతో పాటు బిగుసుకున్న మనసు, అవి ఏ పెట్టెలోనూ లేవు. ఇంటికొచ్చాక ఆ సినిమా వెతికి, మిగతా పాతిక నిమిషాలు చూశాను. ముసలాయన ఏం చేశాడో తెలిసింది. నాకు ఏమీ అనిపించలేదు. అనిపించకపోవడమే ఎక్కువ బాధపెట్టింది.

"సినిమా ఇంట్లో చూడొచ్చు, ఈ బృందాలు మళ్ళీ దొరకవు" అనే వాదనకి నా జవాబు అందులోనే ఉంది. ఇంట్లో చూడొచ్చు, అవును. ఇంట్లో ఆ మొదటి గంట నేను భరించేదాన్ని కాను. పదో నిమిషంలో ఆపి లేచేదాన్ని, ఇరవయ్యో నిమిషంలో ముందుకి జరిపేదాన్ని. డేరాలో ఆపే మీట నా చేతిలో లేదు. ఆ సినిమా గురించి నేను ముందుగా చదివింది లేదు, ఎవరూ నక్షత్రాలు ఇచ్చి ఉండలేదు, పక్కనున్నవాళ్ళు ఎవరో తెలియదు. వాళ్ళు కదలకుండా కూర్చున్నారు కాబట్టి నేనూ కూర్చున్నాను. నేను కూర్చున్నాను కాబట్టి వాళ్ళలో ఒకరిద్దరు కూర్చుని ఉంటారు.

కరెంటు పోయిన రోజు దీనికి సరిగ్గా ఎదురు. ఆ ఉత్సవంలో వాన పడుతోంది. డేరా పైకప్పు మీద చినుకులు ఎంత గట్టిగా పడుతున్నాయంటే తెర మీద మాటలు సగమే వినిపిస్తున్నాయి. హఠాత్తుగా జనరేటర్ ఆగింది. తెర, స్పీకర్లు, అన్నీ ఒక్కసారే. గుమ్మం మీది చిన్న దీపం ఒక్కటే మిగిలింది. ప్రొజెక్టర్ దగ్గరున్నామె చేతి లైటు వేసి, మళ్ళీ మొదలవడానికి పావుగంట పడుతుంది, వెళ్ళేవాళ్ళు జాగ్రత్తగా వెళ్ళండి అని చెప్పింది. ఎవరూ వెళ్ళలేదు. వాన కాబట్టి అంటారేమో. కానీ వాన ఆగాక కూడా వెళ్ళలేదు. ఆ చీకట్లో కొత్తవాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం మొదలుపెట్టారు, మెల్లగా, సినిమా గురించే. "ఆ చెల్లెలికి నిజం తెలుసంటారా?" "తెలుసు, చూడలేదా, గ్లాసు కింద పెట్టినప్పుడు?" ముందు వరసలో ఎవరో, సినిమాలో అంతవరకు రెండుసార్లు వచ్చిన చిన్న బాణీని కూనిరాగం తీశారు. ఇంకొకరు అందుకున్నారు. జనరేటర్ మళ్ళీ అందుకునేసరికి సగం డేరా దాన్ని ముక్కుతో పాడుతోంది. తెర వెలగగానే అందరం ఆగిపోయాం. ఆమె సినిమాని రెండు నిమిషాలు వెనక్కి జరిపి మొదలుపెట్టింది. ఎవరూ చెప్పకుండానే మాకు ఏం కావాలో ఆమెకి తెలుసు.

మొదట చెప్పిన ఆ మధ్యాహ్నం సంగతి మిగిలిపోయింది. సినిమా ఇంకా పది నిమిషాల్లో అయిపోతుందనగా గుమ్మం బట్ట కదిలింది. అక్క. తడుముకుంటూ వచ్చి నా పక్కన చాప మీద కూర్చుంది. కాళ్ళ నిండా దుమ్ము. ఐదుంబావు స్టేజీ దగ్గర అప్పటికే జనం కిక్కిరిసిపోయి ఉన్నారట, ఏమీ కనపడలేదట. నా చెవి దగ్గర "ఇంకా ఎంతసేపు?" అంది. వేలు చూపించి ఆగమన్నాను.

తెర మీద ఒకామె రైలు దిగి, ప్లాట్‌ఫాం మీద నిలబడి, ఎవరికోసమో చూస్తోంది. అంతే ఆ దృశ్యం. అక్కకి ఆమె ఎవరో తెలియదు, ఎవరికోసం చూస్తోందో తెలియదు. అయినా రెండు నిమిషాలకి నా మోచెయ్యి పట్టుకుంది.

దీపాలు వెలిగాక కూడా లేవలేదు. "వస్తాడా అతను?" అని అడిగింది. మొదటినుంచి చెప్తే తప్ప అది చెప్పలేనన్నాను. మా గుడారం దాకా అరగంట నడక. పెద్ద స్టేజీ పక్కనుంచే వెళ్ళాలి. అక్కడ ఆ రాత్రి అందరికన్నా పేరున్నవాళ్ళ సౌండ్ చెక్ జరుగుతోంది, అక్క రెండు నెలలుగా ఎదురుచూస్తున్నవాళ్ళు. తను ఆగలేదు. "ఆగు, అమ్మ పోయినప్పుడు ఆ ఇల్లు ఎవరికి రాశారు?" అంటోంది. నేను గొంతు పెంచి, డ్రమ్ము మోతకి పైన, చెప్తూ నడిచాను.